గర్భంతో ఉన్నప్పుడు ఫ్లూ టీకా: తరచుగా అడిగే ప్రశ్నలు

కడుపులో బిడ్డ ఉన్నప్పుడు తలనొప్పి మాత్ర వేసుకోవడానికే పదిసార్లు ఆలోచిస్తాం. అలాంటిది ఒంట్లో ఏ నలతా లేకుండా, ఎప్పుడో రాబోయే జబ్బు కోసం ఇప్పుడే సూది వేయించుకోమంటే వెనకాడటం సహజం. కింది ప్రశ్నలన్నీ ఆ జంకు నుంచి వచ్చినవే. ఏ ప్రశ్ననూ తేలిగ్గా తీసెయ్యకుండా, తెలిసినంతవరకు సూటిగా జవాబు చెప్పాను. మీ ఆరోగ్యం పూర్తిగా తెలిసిన డాక్టరు మీ విషయంలో వేరేగా చెబితే ఆ మాటే వినండి.

ముందు అసలు సంగతి చెప్పండి. వేయించుకోవాలా, వద్దా?

వేయించుకోండి. చాలా కొద్దిమందిని మినహాయిస్తే గర్భిణులందరికీ ఇదే జవాబు. ఆ కొద్దిమంది ఎవరో కింద చెప్పాను. ఫ్లూ టీకా కార్యక్రమాన్ని కొత్తగా మొదలుపెట్టే దేశాలు, విస్తరించే దేశాలు గర్భిణులకే అన్నిటికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2012లోనే చెప్పింది.

చాలామంది ఈ నిర్ణయాన్ని ‘టీకా వేసుకుంటే ఏమైనా అవుతుందేమో’ అన్న ఒక్క ప్రశ్నతో తూస్తారు. వేసుకోకపోతే ఏమవుతుందన్నది కూడా అంతే గట్టిగా అడగాలి. ఫ్లూ తిరుగుతున్న రోజుల్లో టీకా మానుకుంటే ఫ్లూ వచ్చే అవకాశాన్ని ఒప్పుకున్నట్టే. నిర్ణయానికి ఆ రెండో వైపును కూడా చూపించడమే నా ఉద్దేశం.

ఫ్లూ అంటే ఓ వారం పట్టి పోయే జలుబే కదా?

కాదు. జలుబు మెల్లగా మొదలవుతుంది, ఫ్లూ ఉన్నట్టుండి మీద పడుతుంది. పొద్దున బాగానే తిరిగిన మనిషి సాయంత్రానికి జ్వరం, ఒళ్లునొప్పులు, దగ్గుతో మంచం పడతారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు చాలామంది వారం పది రోజుల్లో కోలుకుంటారు. గర్భిణి విషయంలో ఆ ధీమా పనికిరాదు.

పెరుగుతున్న గర్భసంచి ఊపిరితిత్తులను కింది నుంచి పైకి నెడుతుంది. ఊపిరి వదిలాక లోపల నిలవ ఉండే గాలి తగ్గుతుంది. ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. గుండె మామూలు కంటే ఎక్కువ రక్తాన్ని తోడాలి. బిడ్డను ఇముడ్చుకోవడానికి రోగనిరోధక వ్యవస్థ పనితీరు కూడా కొంత మారుతుంది. ఇలాంటప్పుడు ఇన్ఫెక్షన్ ఊపిరితిత్తుల్లోకి దిగితే తట్టుకునే వెసులుబాటు తక్కువ. అందుకే ఫ్లూ వచ్చిన గర్భిణులు ఆసుపత్రిలో చేరాల్సి రావడం, న్యుమోనియా బారిన పడటం మిగతా ఆడవాళ్ల కంటే ఎక్కువ. నెలలు పెరిగే కొద్దీ ఈ ముప్పూ పెరుగుతుంది.

పెద్ద ఫ్లూ మహమ్మారులన్నీ ఈ సంగతిని చాలా కఠినంగా చూపించాయి. 1918 మహమ్మారిలో జబ్బుపడిన 1,350 మంది గర్భిణుల వివరాలు 1919లో ఒక అమెరికా వైద్య పత్రికలో వచ్చాయి. వాళ్లలో 27 శాతం మంది చనిపోయారు. 1957లో అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఫ్లూతో చనిపోయిన, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో సగం మంది గర్భిణులే. 2009లో హెచ్‌1ఎన్‌1 వచ్చినప్పుడు అమెరికా జనాభాలో గర్భిణులు సుమారు 1 శాతమైతే, ఆ ఫ్లూ మరణాల్లో వాళ్ల వాటా సుమారు 5 శాతం. ఏటా వచ్చే మామూలు ఫ్లూ అంత భయంకరం కాదు, నిజమే. కానీ దెబ్బ ఎవరికి గట్టిగా తగులుతుందన్నది ప్రతిసారీ ఒకేలా కనిపించింది.

ఫ్లూ వైరస్ మామూలుగా మాయ దాటి బిడ్డను చేరదు. బిడ్డకు ఇబ్బంది తల్లి పరిస్థితి నుంచి వస్తుంది. మొదటి నెలల్లో వచ్చే అధిక జ్వరానికీ, బిడ్డ వెన్ను, మెదడు ఏర్పడటంలో వచ్చే లోపాలకూ సంబంధం కనిపించింది. తల్లికి జబ్బు ముదిరితే నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం పెరుగుతుంది.

నాకు ఎప్పుడూ ఫ్లూ రాలేదు. బలంగానే ఉన్నాను. అయినా అవసరమా?

అవసరమే. ఉబ్బసం, మధుమేహం, గుండె జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువన్నది నిజం. కానీ ఏ జబ్బూ లేని గర్భిణులు కూడా ఫ్లూతో ఐసీయూల దాకా వెళ్లారు. ఇంతకుముందు రాకపోవడం మీ అదృష్టం, అంతే. దాని వల్ల ఈసారి రక్షణ ఏమీ రాదు.

నా సంగతి సరే. బిడ్డకు దీనివల్ల నిజంగా లాభం ఉందా?

నన్నడిగితే ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే.

ఆరు నెలలు నిండని పసిబిడ్డకు ఫ్లూ టీకా వెయ్యరు. ఆ వయసు పిల్లలకు వెయ్యడానికి ఆమోదం ఉన్న ఫ్లూ టీకాయే లేదు. చిన్నపిల్లల్లో ఫ్లూ ఎక్కువ ప్రమాదం తెచ్చేది కూడా ఆ ఆరు నెలల్లోనే. అంటే రక్షణ బాగా కావలసిన రోజుల్లోనే టీకాకు దారి లేదు. ఆ ఖాళీని తల్లి మాత్రమే పూడ్చగలదు.

అదెలాగంటే, టీకా వేశాక రెండు వారాల్లో మీ రక్తంలో ఫ్లూను గుర్తుపట్టే యాంటీబాడీలు తయారవుతాయి. వీటిలో ఐజీజీ అనే రకాన్ని మాయ తనంతట తాను పట్టుకుని బిడ్డ వైపు దాటిస్తుంది. దానికోసం మాయ కణాల మీద ప్రత్యేకమైన గ్రాహకాలే ఉన్నాయి. నాలుగో నెలలో సన్నగా మొదలైన ఈ సరఫరా చివరి మూడు నెలల్లో బాగా పెరుగుతుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఈ యాంటీబాడీలు ఒక్కోసారి తల్లి రక్తంలో కంటే ఎక్కువే ఉంటాయి. బిడ్డకు చేరేది ఈ యాంటీబాడీలే. టీకా మందు కాదు.

దీన్ని సిద్ధాంతంగా చెప్పి ఊరుకోలేదు, పరీక్షించి చూశారు. బంగ్లాదేశ్ రాజధాని ఢాకాలో 340 మంది గర్భిణులతో చేసిన ప్రయోగం ఫలితాలు 2008లో వెలువడ్డాయి. సగం మందికి ఫ్లూ టీకా, మిగతా సగానికి న్యుమోనియా కలిగించే ఒక బ్యాక్టీరియా టీకా వేశారు. పుట్టిన బిడ్డలను ఆరు నెలల వరకు గమనించారు. ఫ్లూ టీకా వేసుకున్న తల్లుల బిడ్డల్లో ఆరుగురికి, రెండో జట్టులో 16 మందికి పరీక్షలో ఫ్లూ తేలింది. లెక్కగడితే 63 శాతం తగ్గుదల. ఒక్క సూదితో తల్లికీ బిడ్డకూ మేలు జరిగింది.

ఇంకా పెద్ద ప్రయోగాల్లో అంకెలు ఇంత ఆశాజనకంగా రాలేదు, అది కూడా చెప్పాలి. 2014లో వచ్చిన దక్షిణాఫ్రికా ప్రయోగంలో రెండు వేలకు పైగా తల్లులు పాల్గొన్నారు. రక్షణ తల్లుల్లోనూ బిడ్డల్లోనూ సుమారు 50 శాతం. మాలి దేశంలో నాలుగు వేలకు పైగా తల్లులతో చేసినప్పుడు ఆరు నెలల మొత్తానికి బిడ్డల్లో రక్షణ 33 శాతమే. కానీ అదే ప్రయోగంలో మొదటి నాలుగు నెలలు విడిగా చూస్తే దాదాపు 68 శాతం. తల్లి ఇచ్చిన యాంటీబాడీలు నెలనెలా తరిగిపోతాయి కాబట్టి అలా వచ్చింది. బిడ్డ మరీ చిన్నగా, మరీ బలహీనంగా ఉన్న రోజుల్లోనే ఆ రక్షణ ఎక్కువగా ఉందన్నమాట. నేపాల్‌లో జరిగిన ప్రయోగంలో టీకా వేసుకున్న తల్లుల బిడ్డలు సగటున 42 గ్రాములు ఎక్కువ బరువుతో పుట్టారు. మిగతా ప్రయోగాల్లో ఇది ఇంత స్పష్టంగా కనిపించలేదు కాబట్టి, దీన్ని ఖాయమైన లాభంగా నేను లెక్కవేయను.

టీకాలో ఉన్నది ఫ్లూ వైరసే కదా? దానివల్లే నాకు ఫ్లూ రాదా?

రాదు. గర్భిణులకు వేసే ఇంజెక్షన్ టీకాలో బతికున్న వైరస్ ఉండదు. వైరస్‌ను చంపి, ముక్కలు చేసి, దాని పైపొరలోని ప్రోటీన్లను మాత్రం తీసుకుంటారు. కొన్ని రకాల్లో వైరస్‌తో పనే లేకుండా ఆ ప్రోటీన్‌ను నేరుగా ప్రయోగశాలలో తయారుచేస్తారు. ఆ ముక్కలు ఒంట్లో పెరగలేవు, ఇంకొకరికి అంటుకోలేవు.

టీకా వేసుకున్న వారంలో జలుబు చేసినవాళ్లు ఉంటారు. జలుబు వైరస్‌లు వేరు, వాటి మీద ఈ టీకా పనిచేయదు. లేదా టీకా పనిచెయ్యడానికి పట్టే ఆ రెండు వారాల్లోనే బయటి నుంచి ఫ్లూ సోకి ఉండొచ్చు.

ముక్కులో కొట్టే స్ప్రే కూడా ఉందట. సూది తప్పుతుంది కదా?

గర్భిణులు అది వాడకూడదు. అందులో బలహీనపరిచిన బతికున్న వైరస్ ఉంటుంది. మీకు ఇంజెక్షనే. వేసే ముందు ‘నేను గర్భవతిని’ అని ఒక మాట చెప్పండి.

మొదటి మూడు నెలల్లో వేయించుకుంటే గర్భం పోతుందేమోనని భయంగా ఉంది.

ఇది ఊరికే వచ్చిన భయం కాదు. అందుకే పూర్తి కథ చెబుతాను.

2017లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. 2010–11, 2011–12 ఫ్లూ సీజన్లలో గర్భస్రావమైన 485 మందిని, కాని 485 మందితో పోల్చారు. వరుసగా రెండేళ్లు హెచ్‌1ఎన్‌1 ఉన్న టీకా వేసుకున్నవాళ్లలో, రెండోసారి వేసుకున్న 28 రోజుల్లోపు గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయి. టీకా వల్లే అలా జరిగిందని ఆ పరిశోధకులు అనలేదు. లెక్కలో వచ్చిన తేడాను దాచకుండా ప్రచురించి, ఇంకా పెద్దగా చూడాలన్నారు.

చూశారు కూడా. అదే బృందం తర్వాతి మూడు సీజన్లను తీసుకుని, ఈసారి 1,236 జతలతో అదే పోలికను మళ్లీ చేసింది. 2019లో వచ్చిన ఆ ఫలితంలో టీకాకూ గర్భస్రావానికీ సంబంధం కనిపించలేదు. వరుసగా రెండేళ్లు వేసుకున్నవాళ్లలోనూ కనిపించలేదు. దానికి ముందు, తర్వాత ఇతరులు చేసిన అధ్యయనాలు కూడా చాలావరకు ఇదే చెప్పాయి. మొదటి వార్త ఊరంతా తిరిగింది, రెండోది చాలామందికి చేరనే లేదు. నాకు బాధ కలిగించే విషయం అదే.

ఇంకో సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. గర్భం నిర్ధారణ అయినవాళ్లలో సుమారు 10 నుంచి 20 శాతం మందికి ఏ టీకా లేకపోయినా గర్భస్రావం జరుగుతుంది. ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. చాలా సందర్భాల్లో కారణం పిండం క్రోమోజోముల్లో ఉండే లోపం. లక్షలమంది టీకా వేసుకున్నప్పుడు, ఎలాగూ జరగబోయే గర్భస్రావాలు కొన్ని టీకా తర్వాత వారంలో వస్తాయి. ఆ తల్లికి ఆ రెండూ మనసులో ముడిపడిపోవడం ఎంత సహజమో అర్థం చేసుకోగలం. ఆమె చేసిన తప్పేమీ లేదు.

ఇంత చెప్పినా మొదటి మూడు నెలల్లో మీ మనసు ఒప్పుకోకపోతే, ఫ్లూ ఇంకా మొదలుకాని కాలమైతే, నాలుగో నెల దాకా ఆగడంలో పెద్ద నష్టం లేదు. చుట్టుపక్కల ఫ్లూ తిరుగుతుంటే మాత్రం ఆగవద్దు.

ఏ నెలలో వేయించుకుంటే మంచిది?

ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. నెల కంటే ముఖ్యం ఫ్లూ కాలం. చలి దేశాల్లో ఫ్లూ శీతాకాలంలో వస్తుంది, ఉష్ణమండలంలో చాలాచోట్ల వానల కాలంలో విజృంభిస్తుంది. కొన్నిచోట్ల ఏడాదంతా ఎంతో కొంత ఉంటుంది. ఆ కాలం మొదలవడానికి కనీసం రెండు వారాల ముందు టీకా పడితే మంచిది.

కొన్ని దేశాల మార్గదర్శకాలు ఫలానా నెల తర్వాతే వెయ్యమంటాయి, కొన్ని ఎప్పుడైనా సరే అంటాయి. బిడ్డకు అందే యాంటీబాడీల లెక్కలో అయితే ఐదో నెల తర్వాత, కాన్పుకు కనీసం రెండు వారాల ముందు వేసుకోవడం అనువైన సమయం. కానీ ఆ అనువైన సమయం కోసం చూస్తూ ఫ్లూ కాలాన్ని టీకా లేకుండా దాటాలనుకోవడం మంచి లెక్క కాదు. ముందు తల్లి జబ్బు పడకుండా ఉండాలి.

టీకా పెట్టెలోని చీటీలో ‘గర్భిణుల్లో భద్రత నిర్ధారించలేదు’ అని రాసి ఉంది. మరి డాక్టరేమో మంచిదంటున్నారు. ఎవరిని నమ్మాలి?

చీటీ తీసి చదివినందుకు మిమ్మల్ని మెచ్చుకోవాలి. అక్కడ రాసిన మాటకు అర్థం ఏమిటో చూద్దాం.

ఒక కంపెనీ టీకాకు అనుమతి అడిగేటప్పుడు తాను చేసిన ప్రయోగాల ఫలితాలను సమర్పిస్తుంది. ఆ మొదటి ప్రయోగాల్లో గర్భిణులను సాధారణంగా చేర్చుకోరు. చీటీలో కంపెనీ రాయగలిగేది ఆ ప్రయోగాల్లో తేలినదే. గర్భిణుల మీద తానే ప్రయోగం చేయలేదు కాబట్టి ‘నిర్ధారించలేదు’, ‘తగినంత సమాచారం లేదు’ అన్న వాక్యం పడుతుంది. హాని కనిపించిందని ఆ వాక్యం చెప్పడం లేదు. హాని తెలిసిన మందుల చీటీల్లో ‘గర్భిణులు వాడరాదు’ అని విడిగా, స్పష్టంగా ఉంటుంది.

ఆ తర్వాత ఏళ్ల తరబడి లక్షల మంది గర్భిణులకు ఈ టీకాలు వేశారు. పైన చెప్పిన ఢాకా, మాలి, నేపాల్ ప్రయోగాలు జరిగాయి. అమెరికాలో గర్భిణులకు ఫ్లూ టీకా సిఫారసు చేయడం 1960ల నాటి నుంచే ఉంది. ఏ నెలలోనైనా వేయవచ్చని అక్కడ చెబుతున్నది 2004 నుంచి. డాక్టరు ఈ మొత్తం అనుభవాన్ని చూసి మాట్లాడుతున్నారు, చీటీ అనుమతి నాటి కాగితాలను చూసి మాట్లాడుతోంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. సలహా కోసం మాత్రం డాక్టరు దగ్గరకే వెళ్లాలి.

టీకాలో పాదరసం ఉంటుందట. నిజమేనా?

కొన్నిటిలో ఉంటుంది. పది మందికి సరిపడే పెద్ద సీసాల్లో మళ్లీమళ్లీ సూది గుచ్చుతారు కాబట్టి, సూక్ష్మజీవులు చేరకుండా థయోమెర్సాల్ అనే నిల్వ రసాయనం కలుపుతారు. ఒక డోసులో దాని నుంచి వచ్చే పాదరసం సుమారు 25 మైక్రోగ్రాములు. ఇది ఇథైల్ పాదరసం. కలుషితమైన చేపల్లో పేరుకుపోయి బిడ్డ మెదడుకు హాని చేసే మిథైల్ పాదరసం వేరు. అది రక్తంలో నెలకు పైగా నిలుస్తుంది, ఇది రోజుల్లోనే బయటికి పోతుంది. థయోమెర్సాల్ ఉన్న టీకాల వల్ల తల్లికి గానీ బిడ్డకు గానీ హాని జరిగినట్టు ఆధారాలు లేవు.

మనశ్శాంతి కావాలనుకుంటే ఒక్క డోసుతో ముందే నింపి వచ్చే సిరంజి అడగండి. అందులో ఇది ఉండదు. అది దొరకలేదని టీకానే మానుకోవద్దు.

బిడ్డకు ఆటిజం వస్తుందంటున్నారు?

రాదు. 2009 మహమ్మారి సమయంలో టీకా వేసుకున్న స్వీడన్ తల్లుల బిడ్డలు దాదాపు 40 వేల మందిని ఏళ్ల తరబడి గమనించి, 2020లో ఫలితాలు ప్రచురించారు. టీకా వేసుకోని తల్లుల బిడ్డలతో పోలిస్తే ఆటిజంలో తేడా లేదు. టీకా మొదటి మూడు నెలల్లో పడినవాళ్లలో కూడా లేదు.

ఎవరు వేయించుకోకూడదు?

ఇంతకుముందు ఫ్లూ టీకా వేసుకున్నప్పుడు ప్రాణం మీదికి తెచ్చే అలర్జీ వచ్చినవాళ్లు, టీకాలోని ఏదైనా పదార్థానికి అలాంటి అలర్జీ ఉందని తెలిసినవాళ్లు. గొంతు, ముఖం వాచిపోవడం, ఊపిరాడకపోవడం, బీపీ పడిపోవడం లాంటివి జరిగి ఉంటే డాక్టరుకు చెప్పకుండా మళ్లీ వేయించుకోకూడదు. అప్పట్లో చెయ్యి వాచింది, రెండు రోజులు ఒళ్లు నొప్పులు వచ్చాయి అంటే అది అలర్జీ కాదు.

గులియన్ బారే సిండ్రోమ్ అని కాళ్లూ చేతులూ చచ్చుబడే అరుదైన నరాల జబ్బు ఉంది. గతంలో ఫ్లూ టీకా పడ్డ ఆరు వారాల్లోపు అది వచ్చినవాళ్లు డాక్టరుతో వివరంగా మాట్లాడాకే నిర్ణయించుకోవాలి. ఈ టీకా వల్ల ఆ జబ్బు వస్తే గిస్తే పది లక్షల డోసులకు ఒకటో రెండో అదనంగా వస్తాయని అంచనా. ఫ్లూ జబ్బు వల్ల అది వచ్చే అవకాశం ఇంతకంటే ఎక్కువ.

ఈ రోజు గట్టి జ్వరంతో ఉంటే తగ్గాక వేయించుకోండి. కొద్దిపాటి జలుబుకు వాయిదా అక్కర్లేదు.

నాకు గుడ్డు పడదు.

చాలా ఫ్లూ టీకాలను కోడిగుడ్లలో వైరస్‌ను పెంచి తయారుచేస్తారు కాబట్టి ఈ సందేహం వస్తుంది. తయారయ్యాక మిగిలే గుడ్డు ప్రోటీన్ అతి స్వల్పం. గుడ్డు అలర్జీ ఉన్నా టీకా వేయవచ్చని ఇప్పటి అవగాహన. గుడ్డుతో సంబంధం లేకుండా చేసే రకాలు కూడా ఉన్నాయి. మీ అలర్జీ సంగతి ముందే చెప్పండి.

కిందటేడు వేయించుకున్నాను. మొదటి కాన్పుకూ వేయించుకున్నాను. మళ్లీనా?

మళ్లీ వేయించుకోవాలి. ఫ్లూ వైరస్ ఏటా కొద్దికొద్దిగా రూపు మార్చుకుంటుంది, కిందటేటి రక్షణ కూడా నెలలు గడిచే కొద్దీ తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఏటా రెండుసార్లు కూర్చుని, ఉత్తరార్ధగోళానికి ఫిబ్రవరిలో, దక్షిణార్ధగోళానికి సెప్టెంబరులో, టీకాలో ఏ రకాలు ఉండాలో చెబుతారు. ఈ కడుపులో ఉన్న బిడ్డకు కావలసింది ఈ ఏటి యాంటీబాడీలు.

వేసేటప్పుడు, వేశాక ఎలా ఉంటుంది?

చెయ్యి భుజం దాకా బయటపెట్టగలిగే వదులు బట్టలు వేసుకుని వెళ్లండి. భుజం ఎముక నుంచి రెండు మూడు వేళ్ల కింద, కండ బాగా ఉన్నచోట సూది పడుతుంది. మందు అర మిల్లీలీటరే. చెయ్యి బిగపట్టకుండా ఒళ్లో వదిలేసి కూర్చుంటే నొప్పి తక్కువ. వేశాక పదిహేను నిమిషాలు అక్కడే కూర్చోమంటారు. అలర్జీ లాంటిది వస్తే వెంటనే చూడటానికీ, కళ్లు తిరిగితే పడిపోకుండా ఉండటానికీ. కడుపుతో ఉన్నప్పుడు పడటం మంచిది కాదు కాబట్టి, పనులున్నాయని ఆ కాసేపూ మానుకోకండి.

ఆ రాత్రికి చెయ్యి సలుపుతుంది. ఆ వైపు తిరిగి పడుకోవడం కష్టంగా ఉండొచ్చు కాబట్టి, మీరు మామూలుగా ఏ వైపు పడుకుంటారో దానికి రెండో చేతికి వేయించుకోండి. కొందరికి ఒకటి రెండు రోజులు నీరసం, తలనొప్పి, ఒళ్లునొప్పులు ఉంటాయి. జ్వరం కొద్దిమందికే వస్తుంది. వస్తే ఉపేక్షించకుండా డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ వేసుకోండి, నీళ్లు బాగా తాగండి. ఐబుప్రోఫెన్ జోలికి వెళ్లవద్దు. జ్వరం రెండు రోజులు దాటినా, ఆయాసం వచ్చినా టీకా ప్రభావమే అనుకుని కూర్చోకుండా చూపించుకోండి.

కోరింత దగ్గు టీకాతో కలిపి వేయించుకోవచ్చా?

వేయించుకోవచ్చు. గర్భంలో ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గుకు కలిపి ఇచ్చే టీడాప్ టీకాను ఒక చేతికి, ఫ్లూ టీకాను ఇంకో చేతికి ఒకే రోజు వేస్తారు. ఒకటి వేసుకున్నామని రెండోది మానకూడదు.

టీకా వేసుకున్న మా బంధువుకు ఫ్లూ వచ్చింది. మరి దండగే కదా?

ఈ టీకా నూటికి నూరు పాళ్లు ఆపదు. ఆ ఏడు తిరిగే వైరస్‌కూ టీకాకూ బాగా కుదిరినప్పుడు 40 నుంచి 60 శాతం రక్షణ. కుదరని ఏడాదిలో ఇంకా తక్కువ. ఇదేమంత గొప్పగా లేదని మీకనిపిస్తే కాదనలేను. ఇంతకంటే మంచి ఫ్లూ టీకా కావాలనే పరిశోధకులు కూడా పనిచేస్తున్నారు.

కానీ వచ్చిందా లేదా అన్నదొక్కటే లెక్క కాదు, ఎంత తీవ్రంగా వచ్చిందన్నది చూడాలి. ఆస్ట్రేలియా, కెనడా, ఇజ్రాయెల్, అమెరికాల్లో ఆరు ఫ్లూ సీజన్ల వివరాలు కలిపి చూసిన 2018 నాటి అధ్యయనంలో, ఫ్లూతో ఆసుపత్రిలో చేరాల్సి రావడం టీకా వేసుకున్న గర్భిణుల్లో సగటున 40 శాతం తగ్గింది. ఇంట్లో నాలుగు రోజులు పడుకుని లేవడానికీ ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండటానికీ ఎంత తేడా ఉందో, మీ బంధువునే అడిగి చూడండి.

ఇంట్లో ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఏం చెప్పాలి?

వాళ్లతో వాదనకు దిగకండి. వాళ్ల భయమూ బిడ్డ గురించే. ‘మీరు అడగాలనుకున్నవి డాక్టరునే అడగండి’ అని తర్వాతి చెకప్‌కు వెంట తీసుకెళ్లండి. ఆరు నెలల లోపు బిడ్డకు టీకా వెయ్యడానికి వీల్లేదన్న ఒక్క సంగతి విన్నాక చాలామంది ఆలోచన మారుతుంది. అప్పటికీ మారకపోతే, ఒళ్లు మీది, నిర్ణయమూ మీదే.

ఇంకో పని వాళ్లకు అప్పగించవచ్చు. పుట్టబోయే బిడ్డను ఎత్తుకునే వాళ్లందరినీ, పెద్ద పిల్లలతో సహా, తామూ టీకా వేయించుకోమని చెప్పండి. పసిబిడ్డకు ఫ్లూ ఎక్కువగా ఇంట్లోవాళ్ల నుంచే వస్తుంది.

అన్నీ ఆలోచించి వద్దనుకున్నాను. అయితే?

ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. రేపు మీకు జ్వరం వస్తే ముందుగా ఫ్లూనే అనుమానించడానికి పనికొస్తుంది. చేతులు కడుక్కోవడం, ఫ్లూ కాలంలో గుంపుల్లోకి వెళ్తే మాస్కు, దగ్గుతున్నవాళ్లకు ఎడంగా ఉండటం కొంతవరకు కాపాడతాయి. అయితే వీటివల్ల బిడ్డకు యాంటీబాడీలు అందవు. మనసు మారితే ఫ్లూ కాలం మధ్యలోనైనా వేయించుకోవచ్చు.

టీకా వేయించుకోకముందే జ్వరం, దగ్గు మొదలయ్యాయి. ఇప్పుడేం చేయాలి?

అదే రోజు డాక్టరుకు ఫోన్ చేయండి. రేపటికి తగ్గుతుందేమోనని చూడకండి. ఫ్లూకు ఓసెల్టామివిర్ అనే మందు ఉంది, గర్భిణులకు ఇస్తారు. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు వేసుకుంటే బాగా పనిచేస్తుంది. అందుకే గర్భిణి విషయంలో డాక్టర్లు పరీక్ష ఫలితం కోసం ఆగకుండానే మొదలుపెడతారు. రెండు రోజులు దాటినా, జబ్బు తీవ్రంగా ఉంటే అప్పుడు కూడా మేలు చేస్తుంది. టీకా వేసుకున్నవాళ్లకు ఫ్లూ లక్షణాలు వచ్చినా ఇదే పద్ధతి.

ఊపిరి అందకపోవడం, ఛాతీలో నొప్పి, పెదవులు నీలంగా మారడం, మాట తడబడటం, లేవలేనంత మగత, పారాసెటమాల్‌కు దిగని జ్వరం, బిడ్డ కదలికలు తగ్గడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఫోన్లతో కాలయాపన చేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

కాన్పు అయిపోయింది, టీకా మాత్రం వేయించుకోలేదు. ఇక లాభం లేదా?

ఉంది. ఇప్పుడు వేయించుకున్నా మీకు ఫ్లూ రాకుండా ఉండే అవకాశం పెరుగుతుంది, మీకు రాకపోతే మీ నుంచి బిడ్డకు అంటదు. పాలిస్తున్న తల్లులకు ఈ టీకాతో ఇబ్బంది లేదు. పాల ద్వారా కూడా కొన్ని యాంటీబాడీలు బిడ్డకు అందుతాయి, మాయ ద్వారా అందినంత కాకపోయినా. ఒకవేళ మీకే ఫ్లూ వచ్చినా పాలు మాన్పించవద్దు. చేతులు కడుక్కుని, మాస్కు కట్టుకుని పట్టండి, లేదా పాలు పిండి, ఆరోగ్యంగా ఉన్న మరొకరితో పట్టించండి. బిడ్డకు ఆరు నెలలు నిండగానే తన టీకా సంగతి పిల్లల డాక్టరును అడగండి. మొదటి ఏడాది రెండు డోసులు, నాలుగు వారాల తేడాతో వేస్తారు.